అంగుళమంత భూమి

జైలు, రెండో బ్యారక్

అక్కా,

పోయిన ములాఖత్‌కి నువ్వు తెచ్చిన చెప్పులు సరిపోయాయి. ఎడమది కాస్త కరుస్తోంది గానీ ఇక్కడ నడవాల్సిన దూరం ఎంతని? నీ మోకాళ్ళ సంగతి రాయి. రోజంతా నిలబడి గుడ్డ కత్తిరించేదానివి, కూర్చుని కత్తిరించే బల్ల ఒకటి వేయించమని మీ షాపు వాళ్ళని అడగరాదూ?

నాకో పని తగిలింది. మా పెద్ద సారు, అంటే ఈ జైలుకంతటికీ పెద్దాయన, నన్ను పిలిపించి "నువ్వు బోర్డులు రాసేవాడివట కదా" అన్నాడు. అవునన్నాను. మీరంతా పేరు పిలిచేదాకా కూర్చునే గది ఉంది చూడు, ఆ గదిలో బెంచీల ఎదుటి గోడ బోసిగా ఉందట. వచ్చిన పిల్లలు దాన్నే చూస్తూ కూర్చుని ఏడుపు లంకించుకుంటున్నారట. ఏదైనా బొమ్మ వెయ్యమన్నాడు. "ఏం వెయ్యమంటారు సార్" అంటే, "సూర్యుడూ గ్రహాలూ వెయ్యి. చదువుకి పనికొస్తుంది, ఎవరూ వంక పెట్టరు" అన్నాడు.

సరేనని తలూపి వచ్చాను గానీ, అక్కా, నాకు చేతనైంది అక్షరాలు. బోర్డులు రాసే మా జోడీలో గుండ్రటివన్నీ గీసేది వాడు. ఇప్పుడు నేనే గీయాలి.

నాకు గుర్తున్న బొమ్మలో సూర్యుడు ఒక మూల సగం కనిపిస్తుంటాడు, మిగతావన్నీ వరసగా, అటూ ఇటుగా ఒకే సైజులో ఉంటాయి. అది తప్పని నాక్కూడా తెలుసు. ఏది ఎంతుంటుందో మన మిడత బడి పుస్తకాల్లో ఉంటుంది. చూసి రాసి పంపు. తప్పు కొలత మాత్రం వద్దు.

మిడత ఎలా ఉంది? ఇంకా మెట్లు రెండేసి చొప్పున దూకుతోందా? నేను అడిగానని చెప్పకు. చెప్పినా సరే, నీ ఇష్టం.

ఈ ఉత్తరం ముందుగా చదివే సారుకి నమస్కారం.

తమ్ముడు


ఇల్లు, కిటికీ దగ్గర మిషను బల్ల మీద

ఒరేయ్ తమ్ముడూ,

మోకాళ్ళు ఉన్నాయి. బల్ల వేయించరు. ఆ మాట ఇక వదిలెయ్.

నీ కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు దాని సైన్సు పుస్తకం తీసి రాసుకున్నాను. పన్నెండేళ్ళ పిల్ల పుస్తకం దొంగతనంగా చదివే పరిస్థితి వచ్చింది నాకు. అందులో అన్నీ కిలోమీటర్లలో ఉన్నాయి, ఎన్ని సున్నాలో! నాకు తెలిసిన లెక్కలోకి మార్చాను. భూమి అడ్డంగా ఒకటి అనుకో. చంద్రుడు పావు కన్నా కాస్త ఎక్కువ. బుధుడు మూడో వంతు పైచిలుకు. కుజుడు సగం. శుక్రుడు మన భూమంతే, వెంట్రుకవాసి తక్కువ. గురుడు పదకొండు. శని తొమ్మిదిన్నర, చుట్టూ పళ్ళెంలా ఉన్న వలయాన్ని కూడా కలుపుకుంటే ఇరవై ఒకటి. యురేనస్, నెప్ట్యూన్ రెండూ దాదాపు నాలుగేసి. సూర్యుడు నూటతొమ్మిది.

నూటతొమ్మిది చూసి నేనే తప్పు రాశాననుకుని మళ్ళీ తీసి చూశాను. కరెక్టే.

మిడత బాగుంది. తింటోంది, చదువుతోంది. ఎత్తు పెరిగింది, పోయినేడాది గౌన్లన్నీ అంచులు విప్పి పొడుగు చేశాను. అంతకన్నా ఏం రాయను? నువ్వు అడిగావని చెప్పలేదు.

అక్క


జైలు, రెండో బ్యారక్

అక్కా,

నీ లెక్క చేరింది. కొంప మునిగింది.

సూర్యుణ్ణి మూడడుగులు గీద్దామనుకున్నాను. సుద్దముక్కతో నేల మీద వేసి చూస్తే భూమి శనగగింజంతే వచ్చింది. చంద్రుడంటావా, కుంచెతో ఒక చుక్క పెడితే అదే ఎక్కువైపోయింది. పోనీ భూమిని బంతి అంత గీద్దామంటే సూర్యుడికి జైలు గోడలు చాలవు. భూమి బాగుంటే సూర్యుడు పట్టడు, సూర్యుడు పడితే భూమి మిగలదు.

పెద్ద సారు వచ్చి చూశాడు. "ఇంత లెక్కలెందుకయ్యా, భూమి కాస్త పెద్దగా వెయ్యి, నీలం, పచ్చ రంగులుంటాయి, పిల్లలు ముచ్చట పడతారు. సూర్యుడికి కళ్ళూ నోరూ పెట్టు" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఏడ్చే పిల్లలకి ఏదో ఒకటి చూపించాలని ఆయన తాపత్రయం. కానీ అక్కా, ఆ గదిలోకి వచ్చే పిల్లలకి ఇళ్ళలో ఇప్పటికే బోలెడు అబద్ధాలు చెప్పి ఉంటారు. నాన్న దూరంగా పనికెళ్ళాడనో, ఇంకోటనో. గోడ మీద కూడా ఎందుకు?

ఈ చిక్కు విప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే అడుగు.

తమ్ముడు


ఇల్లు, వంటగది గడప మీద

తమ్ముడూ,

దొరికిపోయాను. నీ ఉత్తరం పిండి డబ్బా వెనక పెట్టి, సాయంత్రం దాని పుస్తకం ముందేసుకుని తంటాలు పడుతుంటే నీ కూతురు వచ్చి నిలబడింది.

"నీకెందుకత్తా గ్రహాలు?"

"షాపులో అడిగారే, స్కూలు పిల్లల డ్రెస్సుల మీద వేస్తారట" అన్నాను. అబద్ధం ఆడటం నాకెప్పుడు వచ్చింది గనక? అది ఉత్తరం కనిపెట్టేసింది. తీసి చదివింది. నిలబడే చదివింది. ఆ తర్వాత బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేను పిలవలేదు.

చీకటి పడే ముందు లోపలికొచ్చి "ఆ గోడ ఎత్తెంత?" అంది. నాకేం తెలుసు? "నువ్వు వెళ్తావు కదా, నీ చెయ్యెత్తితే పైన ఇంకెంత మిగులుతుంది?" అని నిలదీసింది. గుడ్డలు కొలిచే చెయ్యి కదా, అందాజుగా తొమ్మిదడుగులుంటుంది అన్నాను. పెన్సిలు తీసుకుంది. "తొమ్మిదడుగులంటే నూటఎనిమిది అంగుళాలు. సూర్యుణ్ణి నేల నుంచి కప్పుదాకా గీయమను. అప్పుడు భూమి దాదాపు అంగుళం. అంగుళానికి ఒక భూమి. మిగతా లెక్కంతా సుళువు."

చూశావా, మనిద్దరం ఇన్నాళ్ళూ తలలు బద్దలుకొట్టుకున్నాం.

నా దగ్గర పాత కటింగు కాగితాలుంటే వాటి మీద కంపాసు పెట్టి అన్నీ గీసి, తనే కత్తిరించింది. కవరులో పెడుతున్నాను. గురుడు పదకొండు అంగుళాలు, మడతపెట్టాను. శనిది పళ్ళెంతో సహా ఉంది. చంద్రుడు పావు అంగుళం, జాగ్రత్త. "బుధుడి కన్నా పెద్ద చంద్రుళ్ళు రెండున్నాయి, ఒకటి గురుడి దగ్గర, ఒకటి శని దగ్గర. అవి కూడా వెయ్యమను, ఎవరూ వెయ్యరు" అంది. వాటికి గానిమీడ్, టైటాన్ అని పేర్లు రాసి పెట్టింది.

ఒక షరతు పెట్టింది. "లెక్కలు మాత్రం పంపు. నా గురించి ఇంకేం రాయకు." రాయనని మాటిచ్చాను. ఇది రాయడంతో ఆ మాట తప్పినట్టే. నువ్వు తెలిసినట్టు ఉండకు.

అక్క


జైలు, రెండో బ్యారక్

అక్కా,

కవరు అందింది. గేటు దగ్గర తెరిచి చూసి "ఏంటివి, మాత్రలా?" అని నన్ను పిలిపించారు. గ్రహాలు సార్ అంటే, ఆ వార్డరు నన్నూ గ్రహాల్నీ మార్చి మార్చి చూశాడు. ఆ గందరగోళంలో చంద్రుడు ఎగిరిపోయాడు. ముగ్గురం మోకాళ్ళ మీద వంగి బల్ల కింద వెతికాం. దొరకలేదు. ఇంకొకటి కత్తిరించి పంపమని చెప్పు.

సూర్యుణ్ణి గీశాను. గోడకి ఒక పక్కగా, సగం ఎత్తులో మేకు కొట్టి, దానికి దారం, దారానికి సుద్ద కట్టి, స్టూలెక్కి దిగి, ఎక్కి దిగి. కింద నేల తగిలింది, పైన కప్పు తగిలింది. గోడ పొడవు పద్దెనిమిదడుగులు, సగం ఆయనకే పోయింది. పసుపు రంగు ఒక పూత వేశాక గది రంగే మారిపోయింది. తర్వాత నీలంలో అంగుళం చుక్క పెట్టాను. ఐదడుగులు వెనక్కి జరిగి చూశాను. అక్కా, మనూళ్ళు, మన గొడవలు, నేను రాసిన బోర్డులన్నీ ఆ చుక్కలోనే!

పెద్ద సారు వచ్చి "భూమేదయ్యా" అన్నాడు. వేలుపెట్టి చూపించాను. వంగి చూశాడు. "కనీసం పేరైనా కనిపించేలా రాయి" అన్నాడు. అది నా పని కదా, అరడుగు ఎత్తున 'భూమి' అని రాశాను. భూమి కన్నా దాని పేరు పెద్దగా ఉంది. కళ్ళూ నోరూ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఒక అనుమానం. నిజానికి ఇవి ఇలా పక్కపక్కనే ఉండవు కదా? ఈ లెక్కన భూమి సూర్యుడికి ఎంత దూరంలో ఉండాలి? అడిగి చెప్పు.

కింద నాలుగు ముక్కలు మిడతకి. చించి ఇవ్వు. నువ్వు వద్దంటావని తెలుసు. ఉండబట్టలేకపోతున్నాను.

మిడతా,
నీ లెక్క అచ్చు గుద్దినట్టు కుదిరింది. సూర్యుణ్ణి గీస్తున్నంతసేపూ సున్నా మామ గుర్తొచ్చాడు. వాడైతే మేకూ దారం లేకుండానే చెయ్యి తిప్పి గీసేసేవాడు, ఊరికే పెట్టామా వాడికి సున్నా అని పేరు? నీ లెక్క చూస్తే ఎంత సంబరపడేవాడో. ఒక్కసారి వచ్చి చూడవూ?
నాన్న


ఇల్లు

నీకు బుద్ధుందా?

ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చాను. నాదీ తప్పే. చదివింది, చింపింది, గోళ్ళతో ఇంకా చిన్న చిన్న ముక్కలుగా చింపి నా గుడ్డపీలికల సంచిలో పోసింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట నోరు తెరిచి ఒకే మాట అడిగింది. "మామ పేరు నాన్న ఎలా రాశాడత్తా?"

ఏం చెప్పను? నువ్వు చెప్పు, ఏం చెప్పను?

దాన్ని ఎత్తుకు తిప్పింది వాడు. తల్లి పోయిన ఏడాది దానికి జడలు వేయడం నేర్చుకున్నది వాడు, నువ్వు కాదు. పరంజా మీద ఏదో అక్షరం వంకర పోయిందని మాటా మాటా అనుకున్నారు, నువ్వు తోశావు. రెండంతస్తుల ఎత్తు నుంచి వాడు ఎక్కడ పడ్డాడో గుర్తుందా? క్యారేజీ పట్టుకుని అది నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో. నువ్వేమో "వాడైతే సంబరపడేవాడు" అని ఉత్తరాలు రాస్తున్నావు!

ఇన్నాళ్ళూ నీకు రాయనివి రాస్తున్నాను, విను. అది ప్రతి సాయంత్రం సున్నా వాళ్ళింటికి వెళ్తుంది. వాళ్ళావిడ సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. నేను వద్దన్లేదు. ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?

ఇంకోటి. మొన్న నిద్రలేస్తూనే అడిగింది. "నాన్నకి నా మీద కోపమా?" అని. ఎందుకే అంటే, "కోర్టులో నేను చెప్పినందుకు" అంది. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లని స్టూలెక్కించి నిలబెట్టి జడ్జిగారు అడిగితే "మా నాన్నే తోశాడు" అని చెప్పింది కదా. నువ్వు తలొంచుకుని నిలబడ్డావు. దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అది అప్పటి నుంచి మోస్తోంది. నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.

జవాబు రాస్తే దానికే రాయి. రాయకపోతే మానెయ్. గోడ గురించి మాత్రం నాకు రాయకు.


జైలు

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. దానికి రాసే ధైర్యం లేదు. నీకు రాస్తున్నాను, చదివి వినిపించు. వినకపోతే బలవంతపెట్టకు.

కోపం లేదు. ఎప్పుడూ లేదు. అది చెప్పిన ప్రతి ముక్కా నిజం. నా వకీలు అంతకుముందు రోజు నాతో అన్నాడు, పిల్లకి తండ్రిని చూస్తే నోట మాట రాదు, ఏడ్చి దిగిపోతుంది, మనకది మంచిదే అని. నాకది గుండెల్లో గుచ్చుకుంది. అది స్టూలెక్కింది. గొంతు సవరించుకుంది. నేను తలెత్తితే దాని కళ్ళు నా మీద పడతాయి, పడితే ఆగిపోతుంది. సగంలో ఆగిపోతే ఆ మిగతా సగం జన్మంతా దాని గొంతులోనే ఉండిపోతుంది కదా అక్కా. పూర్తిగా చెప్పనీ అనుకున్నాను. అందుకే నేల చూస్తూ నిలబడ్డాను. అది చివరిదాకా తడబడకుండా చెప్పింది. దిగేటప్పుడు దాని చెప్పులు మాత్రం చూశాను, ఒకదాని పట్టీ ఊడిపోయి ఉంది.

అది ఇంకోలా అర్థం చేసుకుంటుందని నాకు తట్టలేదు. ఎవరూ ఆ మాట ఎత్తకపోతే నేనూ ఎత్తలేదు.

మామ పేరు ఇక రాయను. సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళనీ. వాళ్ళింట్లో కుండలో నీళ్ళు ఉన్నాయంటే నాకు కాస్త ఊపిరాడింది.

పని ఆపేశాను. చెయ్యి నొప్పి అని చెప్పాను. సగం గోడ పసుపుగా మండుతోంది, మిగతా సగం ఖాళీ.

తమ్ముడు


ఇల్లు, మిషను బల్ల

తమ్ముడూ,

చదివి వినిపించాను. అది చొక్కాలకి గుండీలు కుడుతూ వింది. మొత్తం అయ్యాక "మళ్ళీ చదువు" అంది, ఆ కోర్టు ముక్క మాత్రం. చదివాను. సూది వేలిలో గుచ్చుకుంటే చప్పరించుకుంటూ కూర్చుంది. ఏడ్చిందా అని నువ్వు అడుగుతావు. నాకు కనబడేలా ఏడవలేదు.

తెల్లారి స్కూలుకి వెళ్తూ నా బల్ల మీద ఒక పొట్లం పెట్టి వెళ్ళింది. అందులో చంద్రుడున్నాడు. ఈసారి దారానికి అతికించింది, ఎగిరిపోకుండా. పక్కన చీటీ, అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

'ఈ లెక్కలో భూమి సూర్యుడికి మూడొందల గజాల పైచిలుకు దూరంలో ఉండాలి. నెప్ట్యూన్ తొమ్మిది కిలోమీటర్లు. అవి కుదరవు. చంద్రుణ్ణి మాత్రం భూమికి సరైన దూరంలో పెట్టొచ్చు, రెండున్నర అడుగులు. అందరూ దగ్గరగా అతికించేస్తారు. అలా చెయ్యొద్దు.'

ఎవరికని రాయలేదు. నీకే అనుకుని పంపుతున్నాను.

చెయ్యి నొప్పి తగ్గించుకో.

అక్క


జైలు, రెండో బ్యారక్

అక్కా,

గోడ అయిపోయింది.

మూడొందల గజాలంటే ఎంతని వార్డరుని అడిగాను. బస్టాపు దాకా వస్తుందన్నాడు. అంటే సూర్యుడు జైల్లో ఉంటే, భూమి బస్టాపు దగ్గర ఉండాలి. నేను భూమ్మీద లేను అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చంద్రుణ్ణి టేపుతో కొలిచి రెండున్నర అడుగుల అవతల పెట్టాను. మధ్యలో ఉత్త నలుపు పూసి వదిలేశాను. పెద్ద సారు చూసి "ఇంత జాగా వృథా ఎందుకయ్యా, తోకచుక్క ఏదైనా వెయ్యి" అన్నాడు. వద్దు సార్, అది అంతే దూరం అన్నాను. ఒప్పుకున్నాడు. శని పళ్ళేనికి రెండు పూటలు పట్టింది. గురుడి మీద ఒక ఎర్ర మచ్చ ఉంది చూడు, ఆ మచ్చే మన భూమి కన్నా పెద్దదట, ఇక్కడ బడి నడిపే మాస్టారు చెప్పాడు. గానిమీడ్‌నీ టైటాన్‌నీ కూడా పెట్టాను, బుధుడి కన్నా ఒక పిసరు పెద్దగా. అందరికీ పేర్లు రాశాను. చివరి అక్షరం ఆరేదాకా కూర్చున్నాను.

ఆ గదిలోకి నన్నిక రానివ్వరు. అది బయటివాళ్ళ గది. నిచ్చెన, డబ్బాలు మోసుకుని ఇవతలికి వచ్చేసి, తలుపు వేస్తుంటే ఒకసారి వెనక్కి చూశాను, అంతే. వచ్చే ములాఖత్‌కి నువ్వు చూస్తావుగా. ఎలా ఉందో రాయి. పొగడక్కర్లేదు.

తమ్ముడు


ఇల్లు, బస్సు దిగి వచ్చిన సాయంత్రం

తమ్ముడూ,

ములాఖత్ కిటికీ దగ్గర నీతో అరగంట మాట్లాడినా ఒక సంగతి చెప్పలేదు. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు బస్సు దిగాక "ఉత్తరంలో రాయాలంటే రాసుకో" అంది. రాస్తున్నాను.

మిడత వచ్చింది.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే జడ వేసుకుని చెప్పులేసుకుని నిలబడింది. నేనేం అడగలేదు, రెండు టిక్కెట్లు తీసుకున్నాను. దారంతా కిటికీ లోంచి బయటికి చూస్తూనే ఉంది. బస్టాపులో దిగి, గేటు దాకా నడుస్తూ మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూసింది. ఎంత దూరమో చూసుకుందేమో.

గదిలోకి వెళ్ళగానే గోడకి ఎదురుగా కూర్చోలేదు. దగ్గరికెళ్ళి నిలబడింది. భూమి మీద బొటనవేలు పెట్టి చూసింది, పూర్తిగా మూసుకుపోయింది. తర్వాత జానలతో చంద్రుడి దాకా కొలిచింది. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. "సరిపోయింది" అంది.

నీ గోడ ఎలా ఉందని నన్నడిగావు. నాకు భయమేసింది. అంత పెద్ద పసుపు, దాని పక్కన అంత చిన్న నీలం. కానీ చూపు తిప్పుకోలేకపోయాను. ఆ గదిలో ఎప్పుడూ ఉండే సణుగుడు లేదు, అందరూ అటే చూస్తున్నారు.

మా పక్కన ఒకావిడ చంటిపిల్లనేసుకుని కూర్చుంది. ఇంకో కూతురు, నాలుగైదేళ్ళది, గోడ దగ్గరికెళ్ళి భూమిని గోకుతోంది. "మరక" అంది. మిడత లేచి వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది. "మరక కాదు, గోకకు. అది భూమి. నువ్వూ నేనూ మీ అమ్మా అందరం అందులోనే" అంది. ఆవిడ ఇటు తిరిగి, "ఎవరు వేశారమ్మా, భలే వేశారే" అంది.

మిడత ఆ పిల్ల చెయ్యి వదిలి గోడ వైపు తిరిగింది. 

"ఇద్దరు పెయింటర్లు ఉండేవాళ్ళండీ. వాళ్ళలో ఒకాయన వేశాడు" అంది.

అప్పుడే నీ పేరు పిలిచారు. నేను లేచాను. అది లేవలేదు. "నువ్వెళ్ళు అత్తా. నేను ఇక్కడే కూర్చుంటాను. వచ్చానని చెప్పకు" అంది. కదుపుదామని చూశాను, బెంచీ అంచు పట్టుకుని బిగుసుకుంది. వదిలేసి వచ్చాను. నీ ఎదురుగా కూర్చుని నేనేం మాట్లాడానో నాకే తెలీదు.

అక్క


జైలు

అక్కా,

నువ్వు ఒక్కదానివే వచ్చావనుకున్నాను.

ఆ అరగంటా అది గోడ అవతలే ఉంది. ఆ కిటికీకీ ఆ గదికీ మధ్య ఒక్కటే గోడ, నాకు తెలుసు, నేనే దానికి అటువైపు రంగేశాను. నువ్వు రాసినప్పటి నుంచి ఆ అరగంటని మళ్ళీ మళ్ళీ తిరగేస్తున్నాను. ఏం మాట్లాడాను నీతో? నీ మోకాళ్ళు. నా చెప్పు. మీ షాపులో కొత్తగా చేరినతను డాక్టరు కోటుకి మూడు చేతులు కత్తిరించాడని చెప్పావు, నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. పక్క కిటికీ అతను కూడా తిరిగి చూశాడు. నేను నవ్వి ఎన్నాళ్ళయిందో, ఆ రోజే నవ్వాలా?

ఆ చప్పుడు అటువైపు వినిపించి ఉంటుందా? ఆ గోడ పెద్ద మందం కాదు. వాడు లేడని అది అక్కడ కూర్చుని అనుకుంటుంటే, ఇటు నుంచి నా నవ్వు. దానికి ఎలా ఉండి ఉంటుంది? ఇది తప్ప ఇంకేమీ తోచడం లేదు.

ఇద్దరిలో ఒకాయన అంది చూడు, అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరు. దాన్ని నాన్న అనమని అడగొద్దు. మళ్ళీ రమ్మనీ అడగొద్దు. విన్నదా లేదా, అదొక్కటి వీలైతే కనుక్కో. వీల్లేకపోతే వద్దు.

తమ్ముడు


ఇల్లు, పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు

తమ్ముడూ,

అడగడానికి రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. ఇవాళ అది సున్నా వాళ్ళింటి నుంచి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగేశాను. ఆ రోజు గదిలో నీకేమైనా వినిపించిందా అని.

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా పోసుకుంటూనే ఉంది. "నాన్న నవ్వాడు" అంది.

అవునే, నేనే ఏదో పిచ్చి కబురు చెప్పాను అన్నాను.

"నవ్వు అప్పట్లాగే ఉంది" అంది. కాళ్ళు తుడుచుకుని, పుస్తకాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మంచికన్నదో చెడ్డకన్నదో నాకు తెలియలేదు. నేను మళ్ళీ అడగలేదు.

అక్క